పొట్లపాదు నిండా పూలే, పిందెలు మాత్రం పసుపెక్కి రాలిపోతున్నాయి

మిద్దెతోట_రాజమండ్రి

మిద్దె మీద 2 పొట్లపాదులు ఉన్నాయి. రకం కో-2, పొట్టి కాయలది. జులై మొదటి వారంలో గింజ పెట్టాం, ఇప్పుడు సెప్టెంబరు రెండో వారం. సగానికి కోసిన నీలం డ్రమ్ములో పాదుకొక్కటి చొప్పున ఉన్నాయి. మట్టి కలిపిన తీరు ఇదీ: ఎర్రమట్టి 2 పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు 2 పాళ్లు, కోకోపీట్ 1 పాలు, డ్రమ్ముకు అర కిలో వేపపిండి. జీఐ పైపులకు నైలాన్ వల కట్టి ఆరడుగుల ఎత్తున పందిరి వేశాం. తీగ పందిరంతా కమ్మేసింది, ఆకు అరచేయంత వెడల్పుతో నల్లగా నిగనిగలాడుతోంది.

మగపూల గుత్తులు ఆగస్టు నుంచే విపరీతంగా వస్తున్నాయి. ఆడపూలు ఈమధ్యే మొదలయ్యాయి. అయితే పూసిన ప్రతి పిందే వేలెడు పొడుగు కాకముందే కొస దగ్గర పసుపెక్కి, ముడుచుకుని రాలిపోతోంది. ఒక్క కాయ నిలవలేదు.

చేస్తున్నవి: వారానికోసారి వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పోయడం, వారానికోసారి సాయంత్రం వేపనూనె కొట్టడం, ఎరువుల కొట్లో మామిడికని అమ్మే పండుఈగ బుట్ట ఒకటి కట్టడం. నీళ్లు రోజూ పొద్దున. మెట్ల గది మీద పెద్ద లైటు ఒకటి ఉంది, తెల్లార్లూ వెలుగుతూనే ఉంటుంది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందో ఉండదో గానీ, ఉన్న సంగతి రాస్తున్నాను.

ఇది ఎరువు లోపమా, పురుగా, పరాగసంపర్కం జరగకపోవడమా? దేన్ని ముందు సరిచేయాలి?

పందిరి

మూడింటిలో ఏదో తేల్చుకోవాలంటే రాలిన పిందెలు ఒక పది తీసుకుని బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. అది చేయకుండా మందు గానీ ఎరువు గానీ ఏదీ మొదలుపెట్టకండి.

లోపల శుభ్రంగా తెల్లగా ఉండి, గింజలు ఉబ్బకుండా దారం ముక్కల్లా ఉంటే పుప్పొడి అందలేదని లెక్క. ఈ పిందెలు పువ్వు ఉన్న కొసన పసుపెక్కడం మొదలై తొడిమ వైపు వస్తాయి. మూడు నాలుగు రోజుల్లో వడిలిపోతాయి గానీ కుళ్లవు. లోపల గోధుమ రంగు చారలు, మెత్తబడిన గుజ్జు, తెల్లటి కాళ్లులేని పురుగులు ఉంటే పండుఈగ పని. బయట కూడా జాడ కనిపిస్తుంది: సూది గుచ్చినంత చుక్క, దాని మీద జిగురు బొట్టు, ఆ పక్కకే పిందె వంకర తిరగడం. ఇక పిందె బాగానే ఉబ్బి, జాన పొడుగు పెరిగాక ఎండలకు వాడి రాలుతుంటే అది నీళ్లదో, పాదు మీద కాయల భారానిదో అవుతుంది. మీరు రాసిన లక్షణం మొదటిదానికి దగ్గరగా ఉంది.

పొట్ల సంగతి మిగతా తీగల్లాంటిది కాదు. కాకర తెల్లవారుజామున విచ్చుకుంటుంది, దోస, గుమ్మడి పొద్దున్నే పూస్తాయి, వాటికి తేనెటీగలు చాలు. పొట్ల విచ్చుకునేది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య. మొగ్గ తెల్లటి ఉండలా ముడుచుకుని ఉంటుంది. చీకటి పడే వేళకు రేకుల అంచుల్లోని సన్నటి పోగులు ఒక్కొక్కటీ సాగి జాలరు కుచ్చులా పరుచుకుంటాయి. ఆ పూట ఓ అరగంట అక్కడ నిలబడి చూడండి, పొట్ల పూసినంత అందంగా మన పెరట్లో ఇంకే కూరగాయా పూయదు. పువ్వు కింద సన్నటి పొడుగు గొట్టం ఉంటుంది, తేనె దాని అడుగున. పగలు తిరిగే తేనెటీగలకు అది అందదు. పొడుగాటి తొండమున్న రాత్రి చిమ్మటలే దీనికి దిక్కు. అవి మీ మిద్దె మీదికి రాకపోయినా, వచ్చి పువ్వు మీద వాలకపోయినా కాయ లేదు.

ఇప్పుడు మీరు రాసినవే చూడండి. తెల్లార్లూ లైటు వెలుగుతుంటే చిమ్మటలు దాని చుట్టూ తిరుగుతాయి, పువ్వుల జోలికి సరిగా రావు. సాయంత్రం వేపనూనె కొడుతున్నారు, సరిగ్గా పువ్వు విచ్చే వేళకు పందిరంతా ఆ వాసన, రేకుల మీద ఆ జిడ్డు. తేనెటీగల కోసమని సాయంత్రం కొట్టమని చెప్పే మాట మిగతా పంటలకు సరైనదే, పొట్లకు వేళ మార్చుకోవాలి. తెల్లవారుజామున, ఎండ రాకముందే కొట్టండి. అదీ ఆకుల అడుగు భాగానికి, పూలకు తగలకుండా. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, అర చెంచా సబ్బునీళ్లు. ఎండెక్కాక కొడితే ఆకు మాడుతుంది.

లైటును కనీసం చీకటి పడినప్పటి నుంచి రాత్రి తొమ్మిది దాకా అయినా ఆర్పి ఉంచండి. ఈలోగా చేత్తో పుప్పొడి పట్టించండి, ఈ వారం నుంచే కాయ నిలుస్తుంది.

పద్ధతి ఇదీ. మధ్యాహ్నమే చూసి, ఆ సాయంత్రం విచ్చబోయే ఆడమొగ్గల్ని గుర్తుపెట్టుకోండి. మగపూలు పొడుగాటి కాడకు గుత్తిగా వస్తాయి, రోజుకు ఒకటో రెండో విచ్చుతాయి. ఆడది ఆకు మొదట్లో ఒంటరిగా ఉంటుంది, మొగ్గ కింద అప్పటికే సన్నటి నూగు పిందె ఉంటుంది. చాలాసార్లు రెండూ ఒకే కణుపులో వస్తాయి కాబట్టి మగగుత్తి తుంచబోయి ఆడమొగ్గను పోగొట్టకండి. ఏడు గంటలకు పోగులు పూర్తిగా విప్పుకున్న మగపువ్వు కోసి, రేకులు పీకేయండి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. గుమ్మడికి చేసినట్టు పువ్వును తిప్పి రుద్దితే పొట్లకు పుప్పొడి అంటదు, ఎందుకంటే కేసరాలు గొట్టం మూతి లోపల ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. గొట్టాన్ని గోటితో నిలువునా చీల్చి వెనక్కి వంచితే చిన్న తల బయటపడుతుంది. దాన్ని వేలికి రాసి చూడండి, పొడి అంటాలి. అంటితే దాన్నే ఆడపువ్వు మధ్యలోని మూడు పాయల కీలాగ్రం మీద మెల్లగా, మూడు పాయలకూ తగిలేలా రాయండి. ఒక ఆడపువ్వుకు రెండు మగపూలు వాడండి. ఒక పాయకే అందితే గింజ ఒక పక్కే కట్టి కాయ వంకర పోతుంది.

ఆ రాత్రి కుదరకపోతే మర్నాడు తెల్లవారుజామున పువ్వు పూర్తిగా వాడకముందు చేసినా కొన్ని నిలుస్తాయి. వాన కురిసే సాయంత్రాల్లో మగపూలను మొగ్గగా ఉన్నప్పుడే కాడతో కోసి, లోపల గ్లాసు నీళ్లలో పెట్టుకుంటే తడవకుండా విచ్చుకుంటాయి. ఆడపువ్వుకు పుప్పొడి రాశాక చిన్న కాగితపు టోపీ పెట్టండి.

పట్టిందో లేదో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. పిందె లావెక్కి, పచ్చగా కిందికి వేలాడుతుంది.

కృష్ణాతీరం

పందిరి గారు చెప్పింది ముందు చేయండి. ఎరువు విషయం నేను రాస్తాను, ఎందుకంటే ఆ నల్లటి ఆకే ఒక సంగతి చెబుతోంది.

వేరుశనగ చెక్క నీళ్లు నత్రజని. వారం వారం పోస్తే తీగ, ఆకు, మగపూలు పెరుగుతాయి, ఆడపూలు వెనకబడతాయి. మీ డ్రమ్ములో పశువుల ఎరువే రెండు పాళ్లుంది, వేపపిండి కూడా ఉంది, అదే ఎక్కువ. చెక్క నీళ్లు ఈరోజుతో ఆపేయండి. పూత మొదలయ్యాక పాదుకు కావలసింది పొటాష్. కట్టెల బూడిద ఉంటే డ్రమ్ముకు గుప్పెడు, మొదలుకు తగలకుండా చుట్టూ చల్లి మట్టిలో కలిపి నీళ్లు పోయండి, నెలకొకసారి చాలు. కొనేదైతే 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరు నీటికి 5 గ్రాములు, పొద్దున ఆకుల మీద, 15 రోజులకోసారి.

బోరాక్స్ (బోరాన్ అందించే పొడి) గురించి ఎవరైనా చెప్తారు కాబట్టి ముందే రాస్తున్నాను. లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కొట్టడం మన దగ్గర తీగ కూరగాయలన్నిటికీ చెప్పేదే, ఆడపూలు పెరుగుతాయి. కానీ అది మొక్క 2 నుంచి 4 ఆకులు వేసిన దశలో చేయాల్సిన పని. రెండు నెలల తీగ మీద ఇప్పుడు అదే మోతాదు కొడితే ఫలితం ఉండదు, ఆకు అంచులు మాడే ప్రమాదం మాత్రం ఉంది. వచ్చే పంటకు గుర్తుంచుకోండి.

మొదట్లో మగపూలే రావడం జబ్బు కాదు. పొట్లకు సహజంగానే ముందు మగవి, రెండు మూడు వారాల తర్వాత ఆడవి. ఎండ వేడి, నత్రజని ఎక్కువైనప్పుడు ఆ తేడా ఇంకా సాగుతుంది. రాత్రులు కాస్త చల్లబడి పగలు పొట్టిపడే కొద్దీ ఆడపూలు పెరుగుతాయి. మీకు మంచి రోజులు ఇప్పుడే మొదలవుతున్నాయి, తీగను పీకేయాలన్న ఆలోచన ఉంటే మానుకోండి.

కత్తిరింపు: వీడియోల్లో త్రీజీ కటింగ్ అని చూపిస్తున్నారు, కొస తుంచు, మళ్లీ కొస తుంచు అని. పొట్లకు ఒక్కసారి చాలు. మొదలు నుంచి పందిరి దాకా పక్క కొమ్మలన్నీ తీసేసి ఒకే కాండం పైకి పంపాలి, పందిరి ఎక్కి రెండడుగులు పాకాక కొస తుంచాలి. అప్పుడు పక్క కొమ్మలు నాలుగు వైపులా పరుచుకుంటాయి, ఆడపూలు వాటి మీద ఎక్కువ. మీ తీగ ఇప్పటికే కమ్మేసింది గనక కొత్తగా కొసలు తుంచడం కంటే, పందిరి కిందికి చూసి ఎండ పడని ముదురు ఆకులు తీసేయండి. ఒకేసారి పాదుకు ఐదారు ఆకులకు మించి తీయకండి. గాలి ఆడితే చిమ్మటకు దారి దొరుకుతుంది, బూడిద తెగులూ తగ్గుతుంది.

నీళ్లు రోజూ పొద్దున పోస్తున్నానన్నారు. మట్టిలో వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూసి పోయండి. మధ్యాహ్నం ఆకు వేలాడి సాయంత్రానికి లేస్తే కంగారు లేదు. సాయంత్రం కూడా లేవకపోతే నీరు చాలలేదని, లేదా డ్రమ్ము అడుగు చిల్లులు మూసుకుని వేరు ఊపిరాడక ఉందని. వానాకాలంలో రెండోదే ఎక్కువ. అడుగున 4, 5 చిల్లులు ఉన్నాయో లేదో, కింద ఇటుకలు ఉన్నాయో లేదో చూడండి. నేల మీద ఆనించిన డ్రమ్ముకు చిల్లులున్నా లేనట్టే.

మిద్దెతోట_రాజమండ్రి

ధన్యవాదాలండీ ఇద్దరికీ. పిందెలు చీల్చి చూశాను. ఎక్కువ వాటిలో లోపల శుభ్రంగా ఉంది, గింజల చోట సన్నటి దారాలే. కొన్నిటిలో మాత్రం తెల్లపురుగులు కనిపించాయి, ఆ పిందెల మీద జిగురు బొట్టు కూడా ఉంది. అంటే రెండూ ఉన్నట్టేనా? బుట్ట కట్టి ఉంది కదా, అందులో ఒక్క ఈగా పడలేదు. లైటు ఆర్పేశాం, చెక్క నీళ్లు ఆపేశాం, చేత్తో పట్టించడం మొదలుపెట్టాం. డ్రమ్ముల కింద ఇటుకలు ఉన్నాయి.

పందిరి

రెండూ ఉన్నాయి. చేత్తో పట్టించిన పిందెల్నే ఈగ గుచ్చితే మీ కష్టం వృథా అవుతుంది కాబట్టి దీన్నీ ఇప్పుడే చూసుకోవాలి.

బుట్ట ఖాళీగా ఉండడానికి కారణం అందులో పెట్టిన ఎర. మామిడి, జామ ఈగలకు వాడేది మిథైల్ యూజినాల్. తీగ కూరగాయల మీద పడే ఈగ వేరే జాతి, దానికి మిథైల్ యూజినాల్ పట్టదు, క్యూ-ల్యూర్ కావాలి. బుట్ట అదే ఉంచుకుని లోపలి బిళ్ల మార్చండి. కొనేటప్పుడు తీగ కూరగాయలకు అని అడిగి, ప్యాకెట్ మీద క్యూ-ల్యూర్ అని ఉందో లేదో చదవండి. మీ మిద్దెకు ఒకటి చాలు, పందిరి కిందే, నీడలో, పిందెలున్న ఎత్తున కట్టండి. ఒకటి మాత్రం తెలుసుకోండి: క్యూ-ల్యూర్‌కు వచ్చేవి మగ ఈగలే. గుచ్చేది ఆడ ఈగ. అందుకని బుట్టతో సంఖ్య తగ్గుతుంది, చుట్టుపక్కల నుంచి వచ్చే ఆడ ఈగలు ఆగవు.

పక్కా రక్షణ తొడుగే. పుప్పొడి రాసిన మర్నాడు పువ్వు వాడగానే పిందెకు తొడుగు వేయాలి, రెండు రోజులు ఆగితే ఈలోపే గుడ్డు పడుతుంది. దినపత్రిక కాగితం రెండు పొరలుగా గొట్టం చుట్టి, పైన తొడిమ దగ్గర దారంతో వదులుగా కట్టి, కింద ముడవండి. వానాకాలం కాగితం తడిసి చిరుగుతుంది కాబట్టి పాత నైలాన్ చున్నీయో, దోమతెర గుడ్డో కుట్టుకుంటే మేలు. కో-2 కాయ అడుగు పొడుగు దాకా వస్తుంది, తొడుగు ఒకటిన్నర అడుగులు ఉండాలి, అరచేయి దూరేంత వదులుగా ఉండాలి. గుడ్డ కాయకు అతుక్కుంటే ఈగ దాని మీద నుంచే గుచ్చేస్తుంది.

పురుగు పట్టిన పిందెల్ని కంపోస్టులో వేయకండి. లోపలి పురుగు బయటికొచ్చి మట్టిలో దూరి కోశస్థ దశకు వెళ్తుంది, వారం పది రోజుల్లో మళ్లీ ఈగై లేస్తుంది. రోజూ ఏరి, పాలిథిన్ కవర్లో వేసి మూతి బిగించి ఎండలో పడేయండి. డ్రమ్ము పైమట్టిని వారానికోసారి రెండు అంగుళాల లోతు గుల్ల చేయండి. ఎండ తగిలి లోపలివి చాలా వరకు చస్తాయి. వేళ్లు పైపైనే ఉంటాయి గనక మొదలు చుట్టూ జానెడు వదిలేసి చేయండి.

గోదారి_గట్టు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా పొట్ల ఆకుల్ని ఏదో అంచుల నుంచి కోసుకుంటూ తింటోంది, ఆకు మడిచి లోపల గూడులా కట్టుకుంటోంది. కాయలు బాగానే ఉన్నాయి. గంధకం పొడి చల్లమన్నారు ఒకరు. చల్లొచ్చా?

కృష్ణాతీరం

గంధకం వద్దు. గంధకం మందులు తీగజాతి కూరగాయల ఆకును మాడ్చేస్తాయి. పైగా మీరు చెప్పేది తెగులు కాదు, పురుగు. నడుము పైకెత్తి కొలుస్తున్నట్టు నడిచే పచ్చటి పురుగు, పొట్ల మీద మరీ ఎక్కువ. మడిచిన ఆకు విప్పితే లోపలే ఉంటుంది, ఏరి సబ్బునీళ్లలో వేయండి. పెరటి పాదుకు ఏరడమే సరిపోతుంది. చాలా ఎక్కువైతే బీటీ పొడి (ఆకు తినే పురుగుల్ని చంపే బాక్టీరియా మందు) లీటరుకు 1 గ్రాము, పొద్దువాలే ముందు ఆకుల మీద. ఎండకు దాని బలం పోతుంది కాబట్టి ఆ వేళ చెబుతున్నాను, పూల గుత్తుల్ని తప్పించి కొట్టండి.

ఆకు మీద తెల్లపొడి కనిపిస్తే అది బూడిద తెగులు, ముదురు ఆకులు తీసేసి గాలి ఆడనివ్వండి. పైన కోణాలు తిరిగిన పసుపు మచ్చలు, అడుగున బూజు కనిపిస్తే బూజు తెగులు, వానల్లో వచ్చేది. సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లే అలవాటుంటే మానేయండి. కొత్త ఆకులు ముడుచుకుని, ఆకుపచ్చ పసుపు కలిసి గళ్లుగళ్లుగా ఉంటే వైరస్, ఆ పాదు పీకేయడమే.

డాలస్_పెరడు

ఇక్కడ అమెరికాలో పొట్ల వేసేవాళ్లకు ఒక మాట. పైన పగలు పొట్టిపడే కొద్దీ ఆడపూలు అన్నారు కదా, ఇక్కడ అదే పెద్ద చిక్కు. జూన్, జులైల్లో పగలు మరీ పొడుగు, ఎండలూ ఎక్కువ, తీగంతా మగపూలే. ఆడపూలు ఆగస్టు చివర మొదలవుతాయి. టెక్సస్‌లో మా వైపు నవంబరు దాకా మంచు పడదు కాబట్టి సరిపోతుంది. న్యూజెర్సీ లాంటి చోట్ల అక్టోబరులోనే తీగ మాడిపోతుంది, అక్కడ ఆరు వారాల ముందే లోపల నారు పోసుకోకపోతే కాయ చూడలేరు. నేల వెచ్చబడకముందు బయట పెట్టినా లాభం లేదు, 20 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లటి మట్టిలో మొక్క కదలదు. గింజ మొలకే ఇక్కడ కష్టంగా ఉంది, దానికేమైనా చెప్పగలరా?

విత్తనాలసంచి

పొట్ల గింజ పెంకు దళసరి, అంచులు గరుకుగా ఉంటాయి. గోళ్లు కత్తిరించే కట్టర్‌తో సూది మొన ఉన్న వైపు కాకుండా, ఎదుటి వైపు అంచు రవ్వంత గిల్లండి, లోపలి పప్పు తెగకూడదు. రాత్రంతా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, తడి గుడ్డలో మూటకట్టి వెచ్చటి చోట పెట్టండి. అక్కడ చలి కాబట్టి ఫ్రిజ్ పైభాగమో, హీటింగ్ మ్యాటో కావాలి, 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. తెల్లటి మొలక కనిపించగానే కుండీలో రెండు సెంటీమీటర్ల లోతున పడుకోబెట్టండి. మొలక పొడుగయ్యే దాకా ఆగితే నాటేటప్పుడు విరుగుతుంది. వెచ్చదనం ఉంటే వారం పది రోజులు, లేకపోతే మూడు వారాలైనా పడుతుంది, ఈలోగా తడి ఎక్కువై కుళ్లేవే ఎక్కువ. వేరు కదిలితే పొట్ల సహించదు కాబట్టి కాగితపు కప్పులో పెంచి కప్పుతో సహా నాటండి.

గింజ సంగతి వచ్చింది కాబట్టి చేదు గురించి కూడా రాయాలి, మనూళ్లలో గింజ దాచుకునేవాళ్లకు ఇది అవసరం. వానాకాలం కంచెల మీద, డొంకల్లో పాకే చేదుపొట్ల చూసే ఉంటారు. తెల్లచారలున్న చిన్న కోలకాయ, బొటనవేలంత, కొసన ముక్కు, పండితే ఎరుపు. మన కూరపొట్ల, ఆ చేదుపొట్ల ఒకే జాతి మొక్కలు. మన నేల మీద పుట్టిన ఆ అడవి తీగ నుంచే కూరపొట్ల వచ్చింది. పువ్వు కూడా అదే తెల్ల జాలరు, విచ్చేదీ ఆ వేళకే, వాలే చిమ్మటలూ అవే. అందుకని దగ్గర్లో చేదుపొట్ల ఉంటే రెండూ కలుస్తాయి. ఈ ఏడు కాయకు ఏమీ కాదు, రుచి తల్లిపాదుదే. ఆ కాయలోని గింజ పెట్టిన మరుసటి ఏడు పాదు చేదు కాస్తుంది.

గింజ కోసమైతే రెండో విడత మూడో విడత కాయల్లో, నిటారుగా, రకానికి తగిన పొడవున్నదాన్ని ఎంచుకోవాలి. ఆ కాయ అయ్యే పువ్వును విచ్చే రోజు మధ్యాహ్నం మొగ్గగా ఉన్నప్పుడే దారంతో మెత్తగా కట్టేయండి, మగమొగ్గనీ అలాగే. రాత్రి విప్పి, పైన పందిరి గారు చెప్పినట్టు పట్టించి, మళ్లీ కట్టి, తొడిమకు ఎర్రదారం కట్టండి. కాయ నారింజ రంగుకు తిరిగి మెత్తబడే దాకా పాదు మీదే ఉంచాలి. ఆ దశకు వచ్చాక ఆలస్యం చేస్తే కొస పగిలి గింజలు రాలిపోతాయి. లోపల గింజల చుట్టూ ఎర్రటి గుజ్జు ఉంటుంది. ఇసుకతో గానీ బూడిదతో గానీ రుద్ది కడిగి, నీళ్లలో తేలినవి పారేసి, నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టి సీసాలో పెట్టండి. ఒక్క కాయ ఉంచితే మిగతా కాపు తగ్గుతుంది, పాదు బలమంతా గింజకే పోతుంది.

ఎవరో ఇచ్చిన గింజ పెట్టినప్పుడు మొదటి కాయ కోయగానే కొసన చిన్న ముక్క నాలుకకు తగిలించి ఉమ్మేయండి. చేదుగా ఉంటే ఉప్పేసి పిండి వండేద్దామని చూడకండి. ఆ చేదు వండినా పోదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పాదు పీకేయండి. పచ్చి పొట్లకు ఉండే ఒక రకం వాసన వేరు, అది అన్ని పొట్లలకూ ఉంటుంది, పొయ్యి మీద పోతుంది.

మిద్దెతోట_రాజమండ్రి

చేత్తో పట్టించినవి నిలుస్తున్నాయండీ! పిందెలు లావెక్కి కిందికి దిగాయి, ఒకే పాదుకు ఏడు. తొడుగులు దోమతెర గుడ్డతో కుట్టాం, ఈగ బిళ్ల మార్చాక బుట్టలో పడుతున్నాయి. రెండు ప్రశ్నలు. ఏడు కాయలూ ఉంచవచ్చా? కాయ నిటారుగా పెరగడానికి కొసకు రాయి కట్టడం పొట్టి రకానికీ అవసరమా?

పందిరి

సంతోషం. మొదటి కాపుకు డ్రమ్ములోని పాదు మీద ఒక్కసారి నాలుగైదు కాయలు మేలు. ఏడూ ఉంచితే చివరి రెండూ సన్నబడి రాలతాయి, కొత్త ఆడపూలు కూడా ఆగిపోతాయి. వంకరగా ఉన్నవి, తీగ కొసల్లో ఉన్నవి రెండు ఇప్పుడే తీసేయండి. లేత పిందెలే కాబట్టి అవీ కూరకే.

రాయి కో-2కు అక్కర్లేదు. మీటరు దాటే పొడుగు రకాలకే అది, అవి తమంతట తాము చుట్టుకుపోతాయి. కట్టాలనుకుంటే కాయ జానెడయ్యాక, కొసకు మెత్తటి దారంతో 20, 30 గ్రాముల గులకరాయి చాలు. పెద్ద రాయి కడితే కాయ సాగదు, మెడ దగ్గర తెగుతుంది. ఒక పక్కే గింజ కట్టినందువల్ల వంకరైన కాయను గానీ, ఈగ గుచ్చినందువల్ల వంకరైన కాయను గానీ ఏ రాయీ సరిచేయదు. పొట్టి రకంలో వంకరకు ఎక్కువసార్లు కారణం పిందె వల కంతలో ఇరుక్కోవడం, నులితీగ దాన్ని చుట్టుకోవడం. రోజూ చూసి పిందెను వల కిందికి దింపి, చుట్టుకున్న నులితీగ తెంపేయండి. తొడుగు కూడా నిటారుగా వేలాడాలి.

కోత పువ్వు విచ్చిన 12 నుంచి 15 రోజులకు. గోరు గుచ్చితే తేలిగ్గా దిగాలి, చర్మం మీది లేత మెరుపు పోకముందే కోయాలి. రెండు రోజులు ఆలస్యమైనా లోపల గింజ గట్టిపడి పీచు పడుతుంది, పైగా పాదు పూత తగ్గిస్తుంది. చేత్తో లాగితే తీగ చీలుతుంది, తొడిమను కత్తెరతో కోయండి.

కృష్ణాతీరం

ఒక చిన్న చేర్పు. కోత మొదలయ్యాక 15 రోజులకోసారి డ్రమ్ముకు రెండు గుప్పిళ్లు వానపాముల ఎరువు వేసి పైన అంగుళం మట్టి కప్పండి. చెక్క నీళ్లు మళ్లీ మొదలుపెట్టాలనిపిస్తే కొత్త ఆకులు పాలిపోయినప్పుడు మాత్రమే, అదీ ఒక మగ్గు చెక్క నీళ్లకు తొమ్మిది మగ్గుల మామూలు నీళ్లు కలిపి. సరిగ్గా చూసుకుంటే నవంబరు చివరి దాకా కాస్తుంది. రెండో పంటకు గింజ జనవరిలో పెట్టుకోండి, 2 నుంచి 4 ఆకుల దశలో ఆ బోరాక్స్ మర్చిపోకండి. లేత మొక్కల బీజదళాల మీద నారింజ రంగు పెంకు పురుగులు వచ్చి చిల్లులు పెడతాయి. తెల్లవారుజామున చలికి మందకొడిగా ఉంటాయి, అప్పుడు చేత్తో ఏరేయడం సులువు.

మిద్దెతోట_రాజమండ్రి

రెండు పిందెలు తీసేశామండీ, మిగతావాటి తొడుగులు సరిచేశాం. రెండో పాదుకు రేపు సాయంత్రం ఆరు ఆడమొగ్గలు విచ్చేలా ఉన్నాయి, మగగుత్తులు సరిపడా ఉన్నాయి. వాన సూచన ఉంది, కాబట్టి మగమొగ్గలు మధ్యాహ్నమే కోసి గ్లాసులో పెడతాం.